పిడకల పొగ, దేవతల వాటా, పిల్లి పద్దు

బట్టీ అనగానే మనకు గుర్తొచ్చేది పేపర్లో జిల్లా పేజీ. ‘బెల్లం ఊట ధ్వంసం’ అని శీర్షిక, కింద బోర్లించిన డ్రమ్ముల పక్కన నిలబడ్డ ఎక్సైజు సిబ్బంది ఫొటో. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన జ్ఞాపకం ఇంకా ఆరని నేల మనది. అలాంటి చోట బట్టీ గురించి ముచ్చటగా రాయాలంటే కాస్త బెరుకే. అయినా ఆ కుండ, ఆ పొయ్యి, ఆ ఊట, ఆవిరిని చల్లబరిచే ఆ గొట్టం స్కాట్లాండులోనూ అవే. అక్కడ వాటికి బోర్డు కట్టి, పన్ను కట్టి, టికెట్టు పెట్టి మరీ చూపిస్తారు. తేడా అల్లా గింజలోనూ ఓపికలోనూ ఉంది.

రుచి సంగతి నన్నడక్కండి, ఆ విద్య నాకు లేదు. లెక్కలూ వింతలూ మాత్రం పోగేశాను. పోగేస్తూ ఉంటే ఒకటి తెలిసొచ్చింది. ఎక్కడైనా రికార్డంటే ఎక్కువ చెయ్యడం, తొందరగా చెయ్యడం. ఈ చిన్న విస్కీ డిస్టిలరీల రికార్డులేమో చాలావరకు తక్కువ చెయ్యడంలో, ఆలస్యం చెయ్యడంలో, చేతిలోది పోగొట్టుకోవడంలో ఉన్నాయి.

చిన్నదైతే నేరం

స్కాట్లాండు కొండ ప్రాంతమైన హైలాండ్సులో 500 గ్యాలన్లకు తక్కువ పట్టే బట్టీ పెట్టకూడదని 1814లో ఒక చట్టం వచ్చింది. చిన్న కుండైతే పన్ను అధికారి వచ్చేలోగా బుజానేసుకుని కొండెక్కేయొచ్చు, పెద్ద కుండ ఎక్కడికీ కదలదు. సర్కారు ఆలోచన అదీ. జరిగిందేమిటంటే, అంత పెద్ద కుండ పెట్టే స్తోమతు లేని రైతులందరూ దొంగబట్టీల్లోకి దిగారు. 1823లో చట్టం సడలించి, 40 గ్యాలన్ల కుండకు కూడా పది పౌన్ల లైసెన్సు ఇస్తామన్నారు. మరుసటేడు గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ అనే రైతు లైసెన్సు తీసుకున్నాడు. చట్టప్రకారం వ్యాపారం చేస్తున్నందుకు ఆయన చాలాకాలం నడుముకి రెండు పిస్తోళ్లు పెట్టుకుని తిరగాల్సి వచ్చింది, చుట్టుపక్కల దొంగబట్టీల వాళ్లకి భయపడి! ఊళ్లో అందరూ తప్పు చేస్తుంటే ఒప్పు చేసేవాడికే ఆయుధం కావాలి.

పాత కథ అనుకోనక్కర్లేదు. 1,800 లీటర్లకు తక్కువ పట్టే కుండ పెట్టుకుంటామంటే లైసెన్సు నిరాకరించే అధికారం బ్రిటన్‌లో పన్ను శాఖకి ఈ శతాబ్దంలోనూ ఉండేది. లండన్‌లో జిన్ తయారుచేసే సిప్‌స్మిత్ వాళ్లు ఈ నిబంధనతో పోరాడే 2009లో అనుమతి తెచ్చుకున్నారు. దానికన్నా ముందే వాయవ్య స్కాట్లాండులో లాక్ ఈవ్ అనే చోట ఒక హోటలాయన 120 లీటర్ల కుండతో విస్కీ కాచి చూపించాడు. పెళ్లిలో పప్పు వండే గుండిగ కన్నా పెద్దదేం కాదది.

రెండో కొస కూడా చూడాలి కదా. ఐర్లండులోని మిడిల్టన్‌లో 1825 నాటి రాగి కుండ ఒకటుంది. ప్రపంచంలో అంత పెద్దది ఇంకెప్పుడూ ఎవరూ చెయ్యలేదు. 31,618 గ్యాలన్లు, అంటే లక్షా నలభై మూడు వేల లీటర్ల పైచిలుకు పడుతుంది. లాక్ ఈవ్ కుండలు దాదాపు 1,200 దాన్లో ఒలకబోయొచ్చు. ఇప్పుడది పని చెయ్యదు, చూసిపోయేవాళ్ల కోసం ఉంది.

మండె కట్టే విద్య

స్కాట్లాండు పడమటి తీరాన ఐలా అనే దీవి ఉంది. ఇంగ్లిషు అక్షరాలు చూసి ‘ఇస్లే’ అని చదివితే అక్కడివాళ్లు నవ్వుతారు. మూడు వేల పైచిలుకు జనాభా. మన వైపు ఒక మోస్తరు పంచాయతీ అంత. విస్కీ ప్రపంచంలో మాత్రం ఐలా అంటే క్షేత్రం. 2005 నాటికే దీవిలో ఏడు డిస్టిలరీలున్నాయి, కానీ చివరిది కట్టింది 1881లో. ఆ తర్వాత 124 ఏళ్లకు ఎనిమిదోది వచ్చింది. పేరు కిల్‌హోమన్, పెట్టింది ఆంథొనీ విల్స్. దీవిలో మిగతావన్నీ ఓడలకు అందుబాటుగా సముద్రం ఒడ్డున కట్టినవైతే, ఇది పొలం మధ్యన రాక్‌సైడ్ అనే కమతంలో పశువుల కొట్టాల పక్కన లేచింది.

కిల్‌హోమన్ ప్రత్యేకత పెద్ద యంత్రమేదో తేవడం కాదు. అందరూ వదిలేసిన పని మళ్లీ చేతిలోకి తీసుకోవడం. బార్లీ పండించడం, మొలకెత్తించడం, పొగబెట్టడం, పులియబెట్టడం, కాచడం, పీపాల్లో దాచడం, సీసాల్లో నింపడం అన్నీ ఒకే కమతంలో చేస్తారు. మొత్తం సరుకంతా ఇలాగే చెయ్యరు. ఎక్కువ భాగానికి మాల్టు అదే దీవిలోని పోర్ట్ ఎలెన్ మిల్లు నుంచి కొంటారు. సొంత గింజతో మొదలై సొంత సీసాతో ముగిసేదానికి ‘హండ్రెడ్ పర్సెంట్ ఐలా’ అని వేరే పేరు పెట్టి 2011లో తొలిసారి అమ్మారు. ఆ తర్వాత నాలుగేళ్లకు కమతాన్నే కొనేశారు.

మాల్టు అంటే కొత్తగా వినాల్సిన మాటేం కాదు. రాగిమాల్టు తాగని ఇల్లు మనకు లేదు. ఇక మొలకెత్తించడమంటారా, నారుమడి పోసిన ఏ రైతునడిగినా ఇట్టే చెప్తాడు. వడ్లు నానబెట్టి, నీళ్లు వంచి, గోనెసంచిలో మండె కడితే లోపల వేడి పుట్టి తెల్లగా మోసులు పొడుచుకొస్తాయి. బార్లీకీ ఇదే పద్ధతి. కాకపోతే సంచిలో కట్టరు. రాతి నేల మీద కళ్లంలో ధాన్యం పోసినట్టు జానెడు మందాన పరుస్తారు. మొలిచే గింజ వేడెక్కుతుంది, వేళ్లు ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. అందుకని రాత్రీ పగలూ చెక్క పారలతో తిరగేస్తూనే ఉండాలి. మొలకెత్తే క్రమంలో గింజ తన లోపలి పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు తయారుచేసుకుంటుంది. ఆ చక్కెరని మొలకే తినేయకముందు, సరిగ్గా అక్కడ ఆపి, ఎండబెట్టెయ్యాలి. ఒక రోజు ఆలస్యమైతే రైతుకి మొలక దక్కుతుంది, బట్టీకి తీపి దక్కదు.

ఏళ్ల తరబడి ఈ పారపని చేసిన వాళ్లకి ఒక పక్క భుజం కిందికి జారి, చెయ్యి కోతిచెయ్యిలా వేలాడేదట. దానికి ‘మంకీ షోల్డర్’ అని పేరు. ఇప్పుడా నొప్పి పేరుతో ఒక విస్కీ బ్రాండే ఉంది. పడినవాడి నొప్పి ఇంకొకడికి లేబులవ్వడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

ఈ కళ్లం పని తన అవసరానికి పూర్తిగా సరిపడా చేసుకునే డిస్టిలరీగా పేరు మోసింది క్యాంబెల్‌టౌన్‌లోని స్ప్రింగ్‌బ్యాంక్. 1828 నుంచి ఉంది. ఆ ఊళ్లో ఒకప్పుడు ముప్ఫైకి పైగా డిస్టిలరీలుండేవి, మూడే మిగిలాయి. స్ప్రింగ్‌బ్యాంకు వాళ్ల మరో వింత, సరుకుని రెండున్నర సార్లు కాస్తారు. అర కాపు ఎలాగని అడక్కండి. కొంత భాగం రెండుసార్లు, కొంత భాగం మూడుసార్లు కుండెక్కుతుంది, సగటు తీస్తే రెండున్నర.

మాల్టు తర్వాతి సంగతి త్వరగా చెప్పేస్తాను. మాల్టుని మరపట్టి వేడినీళ్లు పోస్తే తియ్యటి నీరు దిగుతుంది. పిప్పి పశువులకు దాణాగా పోతుంది. తియ్యటి నీళ్లలో ఈస్టు వేసి రెండు మూడు రోజులు పులియనిస్తే ఊట తయారు. దాని ఘాటు ఎనిమిది శాతం అటూ ఇటూ, ఇంచుమించు బీరంత. చిన్న డిస్టిలరీలు కొన్ని ఇంకా ఎక్కువ రోజులు వదిలేస్తాయి. ఆలస్యమైన కొద్దీ పళ్ల వాసనలు పుడతాయంటారు. తొట్టి ఎంత ఎక్కువసేపు ఖాళీ కాకపోతే ఉత్పత్తి అంత తగ్గుతుంది, అది వేరే లెక్క. ఊటని రాగి కుండలో రెండుసార్లు కాస్తే డెబ్భై శాతం దగ్గర ఘాటైన తెల్లటి ద్రవం వస్తుంది. మొదట వచ్చేదాన్ని తల, చివర వచ్చేదాన్ని తోక అని పక్కన పెట్టి, మధ్యలో వచ్చే గుండెని మాత్రమే పీపాకెత్తుతారు. తలనీ తోకనీ మళ్లీ కుండలోకే పోస్తారు. ఈ కోతంతా ఇత్తడి చట్రం, అద్దాలు, తాళం ఉన్న పేటికలో జరుగుతుంది. చాలాకాలం ఆ తాళంచెవి ఎక్సైజు అధికారి దగ్గరే ఉండేది. కాచేవాడు అద్దంలోంచి చూడాల్సిందే, వేలు ముంచి చప్పరించడానికి లేదు.

పన్నెండేళ్ల తాళం

కిల్‌హోమన్‌లో తొలి పీపా నింపింది 2005 డిసెంబరులో. అదే నెల తూర్పున ఫైఫ్ ప్రాంతంలో డాఫ్ట్‌మిల్ అనే ఇంకో పొలంలోనూ తొలి కాపు దిగింది. కత్‌బర్ట్ కుటుంబపు అన్నదమ్ములు అక్కడ బార్లీ, బంగాళాదుంప, పశువులు పెట్టుకుని బతికే రైతులు. పాత మరపిండి మిల్లుని డిస్టిలరీగా మార్చారు. వీళ్ల లెక్క ఇంకెవరికీ లేదు. పొలం పని ఉన్నన్నాళ్లు బట్టీ మూతే. విత్తనాలకు ముందు చలికాలంలో కొన్ని వారాలు, కోతలకు ముందు నడివేసవిలో కొన్ని వారాలు, అంటే రైతుకి చేతులు ఖాళీగా ఉన్న రోజుల్లోనే పొయ్యి వెలుగుతుంది. ఏడాదికి వంద పీపాలు అటూ ఇటూ. పెద్ద డిస్టిలరీలకది ఒకటి రెండు రోజుల పని.

స్కాచ్ అనిపించుకోవాలంటే కనీసం మూడేళ్లు ఓక్ పీపాలో, అదీ స్కాట్లాండులోనే ఉండాలని చట్టం. కిల్‌హోమన్ 2009లో సరిగ్గా ఆ గడువు దాటగానే సీసా బయటికి తెచ్చింది. కొత్త వ్యాపారం, అప్పులు, జీతాలు, తప్పదు. డాఫ్ట్‌మిల్ వాళ్లు తేలేదు. అయిదేళ్లయింది, పదేళ్లయింది, తేలేదు. 2018లో, పన్నెండేళ్లు నిండిన సరుకు చేతికొచ్చాక తొలి సీసా అమ్మారు. ఆ మధ్యకాలమంతా ఇంటిని నడిపింది దుంపలూ పశువులే. ఇది రికార్డు పుస్తకాల్లో ఉందో లేదో గాని, వచ్చిన పంటని కళ్లంలోనే అమ్ముకోవాల్సిన మన రైతు కళ్లతో చూస్తే దీన్ని మించిన విశేషం ఈ వ్యాసంలో లేదు.

పొగకో కొలబద్ద

తడి మొలకల్ని ఆరబెట్టడానికి ఐలాలో కట్టెల్లేవు, చెట్లే తక్కువ. బురదనేలల్లో వేల ఏళ్లుగా నాచూ గడ్డీ కుళ్లి గట్టిపడిన పీట్‌ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి కాలుస్తారు. ఆ పొగ గింజకు పడుతుంది. పొగవాసనకు కారణమైన ఫినాళ్లని పది లక్షల వంతుల్లో కొలుస్తారు. కిల్‌హోమన్ సొంత మాల్టులో అది 20 వంతులు, మిల్లు నుంచి తెచ్చిన మాల్టులో 50. అదే దీవిలోని బ్రూక్‌లాడీ వాళ్లు ఆక్టోమోర్ పేరుతో ఈ అంకెని పెంచుకుంటూ పోయి 309.1 దగ్గర ఆగారు. ఆ సీసాని ప్రపంచంలోకెల్లా పొగ ఎక్కిన విస్కీ అంటారు. ఇక్కడో చిన్న మెలిక ఉంది. ఆ కొలత మాల్టుది, సీసాలోని విస్కీది కాదు. పిప్పిలో, కాపులో చాలా పొగ పోతుంది. పందెం మాత్రం గింజ దగ్గరే కాస్తారు.

పొగలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆక్టోమోర్ కాదు. ఐస్‌లాండులో ఐమ్‌వెర్క్ అనే చిన్న డిస్టిలరీ ఫ్లోకీ అనే విస్కీ చేస్తుంది. అక్కడా చెట్లు తక్కువే. వాళ్లు బార్లీకి పొగబెట్టేది ఎండిన గొర్రెపెంటతో! మాంసమూ చేపలూ పొగబెట్టడానికి ఆ దేశంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే అది. పాశ్చాత్య పత్రికలు దీన్ని ముక్కు మూసుకుని రాశాయి. పిడకల దాలి మీద ఎర్రగా కాగిన పాల మీగడ తిన్నవాళ్లం, మనకందులో వింతేముంది?

మెడ పొడుగు, తోరణం, సొట్టలు

కుండ ఆకారం మారితే సరుకు మారుతుంది. మెడ పొడుగైతే బరువైన ఆవిర్లు పైదాకా ఎక్కలేక వెనక్కి జారిపోతాయి, తేలికవే దాటుతాయి. పొట్టి కుండలో చిక్కటి సరుకు దిగుతుంది. ఆవిరి రాగికి ఎంతసేపు రాసుకుంటే గంధకపు కంపు అంత పోతుంది. స్కాట్లాండులో అతి పొడుగు మెడ గ్లెన్‌మొరాంజీ కుండలది, 5.14 మీటర్లు. ఎదిగిన జిరాఫీ అంత ఎత్తని వాళ్లే చెప్పుకుంటారు. దీని వెనక ఏ శాస్త్రవేత్త ఆలోచనా లేదు. డబ్బు చాలక లండన్‌లో జిన్ కాచే పాత కుండలు సెకండ్ హ్యాండులో కొన్నారు, అవి పొడుగ్గా ఉన్నాయి. తర్వాత ఎన్నిసార్లు కొత్తవి చేయించినా అదే కొలత దాటలేదు.

ఆ మాటకొస్తే కుండ మారితే సరుకు మారుతుందన్న భయం అందరిదీ. పిట్లాఖ్రీ ఊరి దగ్గర ఎడ్రడవర్ స్కాట్లాండులోకెల్లా చిన్న డిస్టిలరీగా చాలాకాలం పేరు మోసింది. ముగ్గురు మనుషులు నడిపేవారు. గిరాకీ పెరిగి 2018లో పెంచాల్సి వచ్చినప్పుడు కుండల సైజు పెంచలేదు. వాగు పక్కనే అచ్చం అలాంటిదే ఇంకో డిస్టిలరీ కట్టారు! కిల్‌హోమన్ కూడా విస్తరణకు పాత కుండలకు నకళ్లే చేయించుకుంది. అరిగిన కుండ మార్చేటప్పుడు పాతదానికున్న సొట్టలు సైతం కొత్తదానికి కొట్టిస్తారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది ఎంత నిజమో గాని, నమ్మాలనిపించే కథ.

జపాన్‌లోని యోయిచిలో కుండల కింద ఇప్పటికీ బొగ్గు మంటే. కొన్ని నిమిషాలకొకసారి మనిషి పారతో బొగ్గు వెయ్యాలి. 1934లో దాన్ని పెట్టిన మసటాకా టకెట్సురు సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసే ఇంట పుట్టి, స్కాట్లాండు వెళ్లి విద్య నేర్చుకుని, అక్కడి అమ్మాయి రీటాని పెళ్లాడి వచ్చినవాడు. యోయిచిలో రాగి కుండల మెడకు గడ్డితో పేనిన తాడు, దానికి తెల్ల కాగితపు ముక్కలు కట్టి ఉంటాయి. షింటో గుళ్లలో పవిత్రమైన చోట కట్టే తాడది. కొత్త మిషనుకి పసుపు రాసి నిమ్మకాయ కట్టే మనకి ఆ తాడు భాష వేరే నేర్పక్కర్లేదు.

గూఢచారి కన్ను

పాత యంత్రాలతో నడిచే చిన్న డిస్టిలరీల్లో ఏం జరుగుతుందో అభిమానులు చూస్తారని బ్రూక్‌లాడీ వాళ్లు లోపల వెబ్ కెమెరాలు పెట్టారు. 2003లో ఒకరోజు అమెరికా నుంచి మెయిలొచ్చింది: మీ కెమెరాల్లో ఒకటి పని చెయ్యడం లేదు. రాసింది అభిమాని కాదు. సామూహిక విధ్వంసక ఆయుధాల మీద కన్నేసే అమెరికా రక్షణ శాఖ ఏజెన్సీ మనిషి. విస్కీ బట్టీకీ రసాయన ఆయుధాల తయారీకీ సామగ్రి దగ్గర పోలికలుంటాయి కాబట్టి వాళ్లూ రోజూ చూస్తున్నారట. ఇరాక్ మీద యుద్ధం నడిచిన ఏడాది అది. డిస్టిలరీ వాళ్లు ఊరుకున్నారా? ఆయుధాల పేరుకున్న మూడక్షరాలే వచ్చేట్టు ‘విస్కీ ఆఫ్ మాస్ డిస్టింక్షన్’ అని ఒక సీసా వదిలారు. రెండేళ్ల తర్వాత దీవి జాలరి ఒకాయనకి సముద్రంలో తేలుతున్న పసుపు రంగు చిన్న జలాంతర్గామి దొరికింది. బ్రిటిష్ నౌకాదళానిదే. దాని పేరా ఇంకో సీసా! ప్రకటనలకు డబ్బులేని చోట బుర్రే పెట్టుబడి.

దేవతల వాటా

పీపాలోంచి ఆవిరై పోయేదాన్ని అక్కడ దేవతల వాటా అంటారు. చల్లటి స్కాట్లాండులో ఏడాదికి సుమారు రెండు శాతం. బెంగళూరులో అమృత్ డిస్టిలరీకి పది నుంచి పన్నెండు శాతం. పాలసముద్రం చిలికిన కాలం నుంచీ మన దేవతలకు అమృతం మీద మక్కువే కదా! కాగితం మీద లెక్కేశాను. వంద లీటర్లు పోస్తే ఎనిమిదేళ్లకు స్కాట్లాండులో 85 మిగులుతాయి. ఏటా పదకొండు శాతం చొప్పున బెంగళూరులో మిగిలేవి 39. అందుకే అమృత్ వాళ్లు తమ ముదురు సరుకుకి ‘గ్రీడీ ఏంజెల్స్’ అని పేరు పెట్టారు. ఇంకోలా చూస్తే వేడివల్ల పీపా చెక్కతో కలిసిపోవడమూ తొందరే. స్కాట్లాండులో పన్నెండేళ్లు పట్టేది ఇక్కడ నాలుగైదేళ్లకే వస్తుంది. 2004లో వాళ్లు తమ సింగిల్ మాల్టుని మొదట అమ్మకానికి పెట్టింది బెంగళూరులో కాదు, విస్కీ పుట్టింటికే పట్టుకెళ్లి గ్లాస్గోలో.

పీపా ఉండేచోట గాలి తడిని బట్టి దేవతల అభిరుచి మారుతుంది. తడిగాలి ఉన్న స్కాట్లాండులో మద్యం ఎక్కువ పోయి ఏటికేడు ఘాటు తగ్గుతుంది. పొడివేడిలో నీళ్లు ఎక్కువ పోయి ఘాటు పెరుగుతుంది. నలభై శాతానికి తగ్గితే దాన్ని స్కాచ్ అనడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ముసలి పీపాలకు చావు రెండు రకాలు, ఎండిపోవడం ఒకటి, పేరు పోగొట్టుకోవడం ఇంకొకటి. యుద్ధకాలంలో, 1940 ఫిబ్రవరిలో నింపిన గ్లెన్‌లివెట్ పీపా ఒకటి 80 ఏళ్లు గడిచినా 44.9 శాతంతో నిలబడింది. 2021లో దాన్ని 250 సీసాలకెత్తారు. నింపినవాళ్లకి రుచి చూసే యోగం లేదు, చూసినవాళ్లు నింపలేదు.

దేవతల వాటాలోనూ వాటాదారుంది, బాడోయినియా అనే నల్ల బూజు. ఎగిరిపోయే మద్యం ఆవిరి మీద బతుకుతుంది. గోదాముల చుట్టూ గోడలు, చెట్ల బెరళ్లు, పక్కిళ్ల కప్పులు మసిపూసినట్టు నల్లబడతాయి. ఫ్రాన్సులో 1872లోనే బాడోయిన్ అనే ఆయన గమనించి రాశాడు. శాస్త్రవేత్తలు దానికి సరైన కులగోత్రాలు తేల్చి పేరు పెట్టేసరికి 2007 వచ్చింది. పాతకాలం పన్ను అధికారులకి మసిబారిన చెట్టే దొంగసరుకు ఆచూకీ అనీ చెప్తారు.

గోదాముల కాపలా సంగతి కూడా చెప్పాలి. స్కాట్లాండులోని డంబార్టన్‌లో బాలంటైన్ విస్కీ గోదాములకు 1959 నుంచి 2012 దాకా పెద్దబాతులే కాపలా. కుక్కకన్నా చెవి చురుకు, లంచం తీసుకోవు, జీతం గడ్డి. సీసీ కెమెరాలొచ్చి వాటి కొలువు పోయింది.

పీపాలకు పాటలు వినిపించిన వాళ్లున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని టుథిల్‌టౌన్ డిస్టిలరీ వాళ్లు చిన్న పీపాల మధ్య స్పీకర్లు పెట్టి బాగా దడదడలాడే సంగీతం మోగించేవారు. ఆ అదురుకి ద్రవం చెక్కలోకి ఎక్కువ దిగుతుందని నమ్మకం. కూతురి పెళ్లిలో డీజే పెట్టాక ఇంటి గోడలకు పట్టిన అదురు నాకు తెలుసు కాబట్టి నేను కొట్టిపారెయ్యను. ఆర్డ్‌బెగ్ అనే డిస్టిలరీ వాళ్లయితే 2011లో విస్కీ సారాన్ని, ఓక్ చెక్క పేళ్లనూ చిన్న గాజు బుడ్డీల్లో పెట్టి అంతరిక్ష కేంద్రానికి పంపారు. మూడేళ్లకు తిరిగొచ్చింది, భూమ్మీద దాని జంటతో పోలిస్తే రుచి వేరుగా ఉందన్నారు. బరువులేని చోట దేవతలు వాటా ఎలా తీసుకుంటారో ఆ నివేదికలో రాయలేదు.

పేకముక్కల పీపాలు

జపాన్‌లో హన్యూ అనే డిస్టిలరీ 2000లో మూతపడింది. నాలుగేళ్లకి కుండలు కూడా పీకేశారు. ఆ ఇంటి మనవడు ఇచిరో అకుటోకి దక్కింది 400 పీపాలు, కొత్త యజమానికి అక్కర్లేనివి. వేరే ఊళ్లో ఒక సాకే కంపెనీ వాటికి నీడ ఇచ్చింది. ఇచిరో ఆ పీపాల సరుకుని పేకముక్కల బొమ్మలున్న సీసాల్లో కొద్దికొద్దిగా, రాత్రిపూట బార్ల వెంట తిరిగి అమ్ముకున్నాడు. రాజు, రాణి, జోకర్లతో కలిపి మొత్తం 54 ముక్కలు. 2008లో చిచిబులో 2,000 లీటర్ల కుండలతో సొంత బట్టీ మొదలెట్టాడు. ఊట పులియబెట్టే తొట్లు మిజునారా అనే జపాను ఓక్‌తో చేయించాడు. కారే గుణమున్న చెక్కది, పీపాలు చేసేవాళ్లు దాన్ని చూస్తేనే తల పట్టుకుంటారు. 2019లో హాంకాంగ్ వేలంలో ఆ 54 సీసాల కట్ట 71 లక్షల 92 వేల హాంకాంగ్ డాలర్లు పలికింది. అప్పటి లెక్కన ఆరున్నర కోట్ల రూపాయలు. ఎవరికీ అక్కర్లేని పీపాలవి!

వేలంలో ధర రికార్డు మాత్రం మెకాలన్ అనే స్కాచ్‌దే. 1926లో నింపి అరవై ఏళ్లకి తీసిన 263వ నంబరు పీపాలో మిగిలినవి 40 సీసాలు. వాటిలో ఒకటి 2023 నవంబరులో లండన్‌లో 21 లక్షల 87 వేల పౌన్లకు పోయింది, ఇరవై కోట్ల రూపాయల పైమాటే. ఇలాంటి రికార్డులు నాకు పెద్దగా రుచించవు. తాగని సీసా సీసా కాదు, షేరు పత్రం. 311 లీటర్ల సీసా ఒకటి చేసి నిండా పోసి 2022లో పదకొండు లక్షల పౌన్లకు అమ్మిన వాళ్లూ ఉన్నారు. అదీ అంతే.

పిల్లి పద్దు

గింజలున్న చోట ఎలుకలుంటాయి. అందుకే చాలా పాత డిస్టిలరీలకి ఒక ఉద్యోగి పిల్లి ఉండేది. స్కాట్లాండులో క్రీఫ్ ఊరి దగ్గరున్న గ్లెన్‌టరెట్ కూడా చిన్నదే. ఇప్పటికీ అక్కడ మాల్టునీ వేడినీళ్లనీ తెడ్డు పట్టుకుని మనిషే కలుపుతాడు. అక్కడ 1963 ఏప్రిల్ 21న టౌసర్ అనే ఆడపిల్లి పుట్టింది. 1987 మార్చి 20న పోయింది. ఈ మధ్యలో అది పట్టిన ఎలుకలు 28,899 అని గిన్నిస్ పుస్తకం నమోదు చేసింది. ఒక్కొక్కటీ లెక్కపెట్టలేదు లెండి. కొన్ని రోజులు దాని వేట గమనించి మొత్తానికి కట్టిన లెక్క. నేను భాగించి చూశాను, రోజుకి మూడుంపావు పైనే పడుతుంది, ఆదివారాలూ పండగలూ కలుపుకుని. రాత్రి పాలల్లో ఒక చుక్క పడేదని డిస్టిలరీ వాళ్లు నవ్వుతూ చెప్పేవారు. టౌసర్‌కి కంచు విగ్రహం పెట్టారు.

తర్వాత ఆ కొలువులోకి యాంబర్ అనే పిల్లి వచ్చింది. చాలా ఏళ్లే పని చేసింది. చూసిపోయేవాళ్ల ఒళ్లో పడుకునేది. ఒక్క ఎలుకనీ పట్టిన దాఖలా లేదు.